అష్టమి నాటి ఉప్పెన, పౌర్ణమి నాటి తుఫాను

మా ఇంట్లో గడియారం ఉండేది కాదు. పొయ్యి ఎప్పుడు వెలిగించాలో అమ్మకు చందమామే చెప్పేవాడు.

మాది దివిసీమలో నాగాయలంకకు అవతల, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఒక చిన్న పల్లె. ఊరంతా వేట మీదే బతికేది. ఏటిమొగ దగ్గర ఇసుక మేట వేసి ఉండేది. పాటు మీద నీళ్లు వెనక్కి లాగేసినప్పుడు అక్కడ మోకాలి లోతు కూడా మిగలదు. వేట నుంచి తిరిగొచ్చిన నావలు మొగ బయటే ఆగి, పోటు ఎక్కాక ఒక్కొక్కటిగా లోపలికి వచ్చేవి. తాతయ్య, నాన్న ఇంటికి ఎప్పుడొస్తారన్నది పోటును బట్టి ఉండేది, ఆ పోటు చందమామను బట్టి ఉండేది. కొన్ని రోజులు మేము మధ్యాహ్నమే వేడన్నం తినేవాళ్లం, కొన్ని రోజులు దీపాలు పెట్టాక. వారం తిరిగేసరికి వేళలన్నీ మారిపోయేవి.

తాతయ్యకు అక్షరం ముక్క రాదు. కానీ నిద్రలో లేపి అడిగినా తిథి చెప్పేవాడు. "నిన్నటికంటే ఇవాళ పోటు రెండు గడియలు ఆలస్యం" అనేవాడు. గడియ అంటే 24 నిమిషాలు, రెండు గడియలంటే 48. చంద్రుడు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడని నేను హైస్కూల్లో చదివినప్పుడు పుస్తకం పట్టుకుని ఇంటికి పరుగెత్తాను. భూమి తన చుట్టూ తాను ఒక చుట్టు తిరిగేలోపు చంద్రుడు కూడా తన దారిలో కొంచెం ముందుకు జరుగుతాడు. మళ్లీ ఆయన ఎదుటికి రావడానికి భూమి ఇంకో 50 నిమిషాలు తిరగాలి. అదీ ఆ ఆలస్యం. తాతయ్య అంతా విని, "పుస్తకంలో కూడా రాశారా?" అని సంతోషపడ్డాడు.

ఆయన దగ్గర ఇంకో కొలత ఉండేది. చేయి బారుగా చాచి, నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి, సముద్రపు అంచు నుంచి చందమామ ఎన్ని బెత్తెల ఎత్తులో ఉన్నాడో లెక్కపెట్టేవాడు. ఇన్ని బెత్తెలైతే మొగలో పోటు నిండుతుంది, ఇన్నయితే తీస్తుంది అని నాకు కూడా నేర్పాడు. నా చేయి చిన్నది కాబట్టి నా బెత్తెలు ఎక్కువ వచ్చేవి. "నీ చేతికి నీ లెక్క వేరే ఉంటుంది అమ్మాయ్, అదే గుర్తు పెట్టుకో" అనేవాడు.

నాయనమ్మ లెక్క ఇంకో రకం. చేపల గంప నెత్తిన పెట్టుకుని నాగాయలంక దాకా నడిచేది. అమావాస్యకు, పౌర్ణమికి ముందు రోజుల నుంచే పోట్లు బలంగా ఉంటాయి, అష్టమి దగ్గర నీరసంగా ఉంటాయి. దాన్ని బట్టి ఏ రోజు ఏం దొరుకుతుందో, ఎంతకు అమ్మాలో ముందే అనుకునేది. వెన్నెల రోజుల్లో పీత డొల్లగా ఉంటుంది, అమావాస్య పీతే నిండుగా ఉంటుంది అని ఆవిడ గట్టి నమ్మకం. ఇప్పటికీ నేను పీతలు కొనేముందు తిథి చూస్తాను.

అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎందుకు పెరుగుతుందో ఆ తర్వాత అర్థమైంది. చంద్రుడు తనకు ఎదురుగా ఉన్న నీటిని ఎక్కువగా లాగుతాడు. మధ్యలో ఉన్న భూమిని అంతకంటే కొంచెం తక్కువగా, అవతలి వైపు నీటిని ఇంకా తక్కువగా లాగుతాడు. అందుకే రెండు వైపులా నీరు ఉబ్బుతుంది. అందుకే పోటు రోజుకు రెండుసార్లు, సుమారు 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి వస్తుంది. సూర్యుడు కూడా ఇదే పని చేస్తాడు. కానీ చాలా దూరంలో ఉన్నాడు కాబట్టి ఆయన బలం చంద్రుడి బలంలో సగానికి కొంచెం తక్కువ. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇద్దరూ ఒకే వరసలో నిలబడి లాగుతారు. అష్టమి నాడు ఒకరు ఒక పక్కకు, ఇంకొకరు దానికి అడ్డంగా లాగుతారు. పోటు పలచబడుతుంది.

ఈ అష్టమి సంగతి మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేరు.

1977 నవంబర్ 19. నాకు ఏడేళ్లు. అమ్మకు నెలలు నిండాయని నన్ను కూడా తీసుకుని చల్లపల్లి దగ్గర అమ్మమ్మ వాళ్లింటికి వచ్చింది. అక్కడే గాలికి పెంకులన్నీ లేచిపోయాయి. ఆ రాత్రంతా మంచం కింద పడుకున్నాం. మా ఊళ్లో ఏం జరిగిందో నాలుగు రోజుల దాకా తెలియలేదు. తర్వాత నాన్న వచ్చాడు. ఒంటి మీద చొక్కా లేదు. నాయనమ్మ ఏదని అమ్మ అడిగితే గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

తాతయ్య తాటిచెట్టు పట్టుకుని బతికాడు. చేతుల మీద, ఛాతీ మీద ఆ చెట్టు గీరిన గీతలు చనిపోయేదాకా ఉన్నాయి. నాయనమ్మ దొరకనే లేదు. ఊళ్లో సగం ఇళ్లలో ఇదే కథ. పక్కన సొర్లగొందిలో, పాలకాయతిప్పలో, హంసలదీవి చుట్టుపక్కల ఊళ్లలో శవాలను లెక్కపెట్టేవాళ్లు కూడా మిగల్లేదని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. మొత్తం మీద పదివేల మందికి పైగా పోయారు. నీళ్లు తాటిచెట్టంత ఎత్తు వచ్చాయని మా ఊరివాళ్లు అంటారు. లెక్కలు కట్టినవాళ్లు 5 మీటర్ల పైమాటే అంటారు.

తాతయ్య ఏడవడం నేను చూడలేదు. ఒకే మాట పదే పదే అనేవాడు. "అష్టమి గడియలే. పోటు లేని రోజు. ఆ రోజు సముద్రం ఊళ్లోకి వస్తుందని ఎవరనుకుంటారు?" తుఫాను వస్తుందని రేడియోలో చెప్పిన మాట ఆయన చెవిన పడింది. కానీ తన డెబ్బై ఏళ్ల లెక్కలో అది భయపడాల్సిన తిథి కాదు. నాయనమ్మను మెరక ఊళ్లకు పంపించకపోవడానికి అదే కారణమని తనను తాను తప్పుపట్టుకుంటూనే ఉన్నాడు. ఉప్పెనను లేపేది చంద్రుడు కాదు. తుఫాను గాలి సముద్రాన్ని తోసుకొస్తుంది. మా తీరంలో లోతు తక్కువ కాబట్టి ఆ నీటికి అడుగుకు దిగి వెనక్కి పోయే దారి ఉండదు, ఎత్తుగా లేచి నేల మీదికి ఎక్కుతుంది. ఈ సంగతి ఆయనకు చెప్పగలిగినవాళ్లు అప్పుడు మా ఊళ్లో లేరు.

రెండేళ్లకు, 1979 జులైలో, స్కైలాబ్ అనే అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం ఆకాశం నుంచి పడుతుందన్నారు. ఈ తరం వాళ్లు ఆ రోజులను నవ్వుతూ చెప్పుకుంటారు. మా ఊళ్లో ఎవరూ నవ్వలేదు. సముద్రం ఒకసారి మింగేసి పోయిన ఊరు అది. ఇప్పుడు ఆకాశం కూడా మీద పడుతుందంటే ఎందుకు నమ్మరు? పిల్లలను ఒడిలో పెట్టుకుని తల్లులు రాత్రంతా అరుగుల మీద కూర్చున్నారు. తాతయ్య నా చేయి వదల్లేదు.

ఆ వారంలో మా సైన్సు మాస్టారు బడిలో ఒక వడిసెల తెప్పించారు. పంట మీద పిట్టలను తోలే వడిసెల. రాయి పెట్టి గిరగిరా తిప్పి, "తాడు లాగుతోంది కాబట్టి రాయి చుట్టూ తిరుగుతోంది. చంద్రుడికి తాడు లేదు, భూమి లాగడమే తాడు. స్కైలాబ్‌కు కూడా అంతే" అన్నారు. "మరి చంద్రుడు ఎందుకు పడడు సార్?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. చంద్రుడు కూడా పడుతూనే ఉన్నాడని, కానీ పక్కకు పోయే వేగం ఉండటంతో నేలను అందుకోకుండా చుట్టి వస్తున్నాడని మాస్టారు చెప్పారు. స్కైలాబ్ తక్కువ ఎత్తులో తిరుగుతోంది, అక్కడ పలచటి గాలి ఇంకా ఉంది, ఆ గాలి రాసుకుని రాసుకుని వేగం తగ్గింది, అందుకే దిగివస్తోంది. చంద్రుడు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, అక్కడ అడ్డుపడే గాలి లేదు.

తర్వాత జేబులోంచి రెండు రూపాయల నోటు తీసి వెనక్కి తిప్పారు. దాని మీద బొమ్మ ఉంది. "ఇది ఆర్యభట్ట. మనవాళ్లు చేసింది. 1975 ఏప్రిల్‌లో రష్యావాళ్ల రాకెట్టులో పంపారు. 360 కిలోలు. ఇది కూడా ఇప్పుడు మన మీదే తిరుగుతోంది." నాయనమ్మ చేపల డబ్బులు కొంగున ముడి వేసుకునేటప్పుడు ఆ నోట్లు ఎన్నోసార్లు లెక్కపెట్టాను. ఆ బొమ్మ ఏమిటో ఒక్కసారి కూడా అడగలేదు. స్కైలాబ్ జులై 11న హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా నేల మీద ముక్కలై పడింది. మా ఊరు ఊపిరి పీల్చుకుంది.

1983 ఆగస్టు 30న మన దేశపు ఉపగ్రహం ఇన్సాట్-1బి ని అమెరికా వాళ్ల ఛాలెంజర్ షటిల్‌లో పంపించారు. అంతకుముందు ఏడాది పంపిన 1ఎ కొన్ని నెలలకే పాడైపోయింది. దీనికి కూడా సౌర పలక మొదట్లో విచ్చుకోలేదు. విచ్చుకునేదాకా మాస్టారు రోజూ పేపరు కోసం బస్సు దగ్గర నిలబడేవారు. ఆయనంత శ్రద్ధగా ఒక ఉపగ్రహం కోసం ఎదురుచూసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అది భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమధ్యరేఖ మీద, ఒక్కచోటే నిలబడి ఉన్నట్టు కనిపిస్తుందని ఆయన చెబితే నాకు అర్థం కాలేదు. తిరక్కపోతే పడిపోతుంది కదా? ఆ మాఘ పౌర్ణమికి హంసలదీవి తిరునాళ్లకు వెళ్లినప్పుడు రంగులరాట్నం ఎక్కాం. నా ఎదురు గుర్రం మీద మా పిన్ని కూతురు కూర్చుంది. చుట్టూ జనం, కొట్లు, గుడి గోపురం అన్నీ గిర్రున తిరుగుతున్నాయి, అది మాత్రం కదలకుండా నా ఎదురుగానే నవ్వుతోంది. దిగాక మాస్టారి దగ్గరికి వెళ్లి, "సార్, అది కూడా మనతో పాటే తిరుగుతోంది కదా!" అన్నాను. ఆ ఎత్తులో ఒక చుట్టుకు పట్టే కాలం, భూమి ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం సరిగ్గా ఒకటే. ఇంకా కిందుంటే తొందరగా తిరుగుతుంది, ఇంకా పైనుంటే ఆలస్యంగా తిరుగుతుంది. చంద్రుడు అంత పైనున్నాడు కాబట్టే ఒక చుట్టుకు 27 రోజులు పైగా పడుతుంది.

మా పంచాయతీ ఆఫీసుకు టీవీ వచ్చాక ఒక సాయంత్రం తాతయ్యను తీసుకెళ్లాను. వార్తల చివర వాతావరణం చెబుతూ ఇన్సాట్ తీసిన ఫొటో చూపించారు. నల్లటి మన దేశం, దాని మీద తెల్లటి మేఘాలు. బంగాళాఖాతంలో ఒక మబ్బుల ముద్ద ఉంది. తాతయ్య లేచి టీవీ దగ్గరికి వెళ్లి దాని మీద వేలు పెట్టాడు. "ఇదేనా మనం కింద నుంచి చూసే మబ్బు?" అదే అన్నాను. చాలాసేపు చూసి, "దీనికి చీకట్లో కనిపిస్తుందా?" అన్నాడు. నేను మాస్టారిని అడిగి మర్నాడు చెప్పాను. వెలుతురునే కాకుండా వేడిని కూడా చూడగలదు, మబ్బుల పైభాగం బాగా చల్లగా ఉంటుంది, కింద సముద్రం వెచ్చగా ఉంటుంది, ఆ తేడాను బట్టి రాత్రిళ్లు కూడా మబ్బు ఎక్కడుందో పసిగడుతుంది అని.

"అయితే అది నిద్రపోదు" అన్నాడు తాతయ్య. కాసేపు ఆగి, "అప్పుడు ఇది ఉండుంటే" అన్నాడు. అంతకుమించి అనలేదు.

1990 మే. నేను డిగ్రీ పరీక్షలు రాసి ఊళ్లోనే ఉన్నాను. నాలుగైదు రోజుల నుంచి రేడియోలో, టీవీలో తుఫాను సంగతి చెబుతూనే ఉన్నారు. ఈసారి ఎక్కడుందో, ఎటు కదులుతోందో పూట పూటకీ తెలుస్తోంది. బందరులో రాడార్ ఉంది. తీరం వెంట కొన్ని ఆఫీసుల్లో ఉపగ్రహం నుంచి నేరుగా హెచ్చరిక అందుకుని సైరన్ మోగించి తెలుగులో చెప్పే పెట్టెలు పెట్టారని కూడా విన్నాం. ఆ మబ్బులను పైనుంచి చూస్తున్నది అదే 1బి. ఏడేళ్లు పని చేస్తుందని పంపారు, ఆ ఏడేళ్లు దాదాపు నిండాయి. తోడుగా పంపిన 1సి అంతకుముందే పాడైపోయింది. తర్వాతి 1డి వెళ్లింది జూన్‌లో, అంటే తుఫాను అయిపోయాక.

మే 8న ఊరు ఖాళీ చేయమని లారీలు, బస్సులు వచ్చాయి. చాలామంది కదల్లేదు. వలలు, నావలు, మేకలు వదిలి ఎలా వెళ్తారు? అప్పుడు తాతయ్య కర్ర తీసుకుని బయటికి వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. ఇంటింటికీ వెళ్లి ఒకే మాట చెప్పాడు. "రేపు వైశాఖ పౌర్ణమి. అప్పుడు అష్టమి నాడే అంత వచ్చింది. ఇప్పుడు నిండు పోటు మీద వస్తే ఎంత వస్తుందో మీరే అనుకోండి. పైనున్నది మబ్బు చూసి చెబుతోంది, నేను తిథి చూసి చెబుతున్నాను. లేవండి."

ఆయన మాట మా ఊళ్లో ఎవరూ తీసెయ్యలేదు. ముసలీముతకా, పసిపిల్లలు, ఆఖరికి మొండికేసిన మా పెదనాన్న కూడా లారీ ఎక్కారు. 77 తర్వాత కట్టిన తుఫాను షెల్టర్‌లో కొందరం, ఇంకా పైన హైస్కూల్లో కొందరం తలదాచుకున్నాం. మే 9 సాయంత్రం కృష్ణ మొగ దగ్గరే తుఫాను తీరం దాటింది. ఆ గాలి శబ్దం 77లో విన్నదే. తాతయ్య గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని, చేతి మీది పాత గీతలు తడుముకుంటూ కూర్చున్నాడు.

తిరిగొచ్చేసరికి ఇళ్లు లేవు. నావలు తుమ్మచెట్ల మీద ఎక్కి ఉన్నాయి. కానీ ఊళ్లో అందరం ఉన్నాం. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి లెక్క చూసుకున్నాం, తక్కువ రాలేదు. రెండు తుఫాన్లూ దాదాపు సమానమైనవే అంటారు. ఈసారి చనిపోయినవాళ్లు మొత్తం వెయ్యికి లోపు. వెయ్యి తక్కువని కాదు, ఆ ఇళ్లలో ఏడుపు ఏడుపే. 77ను కళ్లారా చూసినవాళ్లకే ఆ తేడా ఎంతో తెలుస్తుంది. షెల్టర్లు, రోడ్లు, తెల్లవార్లూ తిరిగిన ఉద్యోగులు, అందరి వల్లే అది సాధ్యమైంది. కానీ ఎటు వస్తోందో రెండు రోజుల ముందే తెలియకపోతే ఆ లారీలు మా ఊరికి వచ్చేవి కావు.

చాలా ఏళ్ల తర్వాత ఒక లైబ్రరీలో పాత పంచాంగాలు తీసి చూశాను. ఆయన చెప్పింది దాదాపు నిజమే. 1977 నవంబర్ 19 కార్తీక శుద్ధ నవమి, అష్టమి వెళ్లిన మర్నాడే. 1990 మే 9 వైశాఖ పౌర్ణమి. చంద్రుడు పోటును తగ్గించిన రోజున మేము నాయనమ్మను పోగొట్టుకున్నాం. పెంచిన రోజున ఊరంతా బతికాం. ఆ రెండు పుటల మీద చేయి పెట్టుకుని లైబ్రరీ మూసేదాకా కూర్చున్నాను.

తాతయ్య 1996లో పోయాడు. తర్వాత మా జీవితాల్లోకి ఉపగ్రహాలు ఎన్ని రకాలుగా వచ్చాయో చెప్పాలంటే చాలా ఉంది. తమ్ముడు మస్కట్ వెళ్లిన కొత్తలో ఫోన్ చేస్తే నా మాట వాడికి చేరి, వాడి మాట నాకు చేరేసరికి అర సెకను పట్టేది. మాట 36,000 కిలోమీటర్లు పైకెక్కి దిగి రావాలి మరి. ఇద్దరం ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగిపోయేవాళ్లం. అమ్మ ఆ అర సెకనులో "ఏడుస్తున్నాడేమోనే" అని బెంగపడేది. ఇప్పుడు ఆ మాటలు సముద్రం అడుగున తీగల్లో వెళ్తున్నాయి, ఆలస్యం తెలియడం లేదు. అమ్మ ఇంటి మీది డిష్‌లో మార్చిలో, అక్టోబర్‌లో కొన్ని రోజులు ఒకే వేళకు కాసేపు బొమ్మ పోతుంది. అప్పుడు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి డిష్‌కు ఎదురుగా నిలబడతాడు. మెకానిక్‌ను పిలవొద్దు, కాసేపు ఆగమని ఫోన్ చేసి చెబుతాను.

తమ్ముడు తిరిగొచ్చి బోటు కొన్నాడు, ఇప్పుడు దాన్ని వాడి కొడుకు నడుపుతున్నాడు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి చేపలు ఎక్కడ ఉండొచ్చో సమాచారం వస్తుంది. ఏ దిక్కున, తీరానికి ఎన్ని కిలోమీటర్లలో, ఎంత లోతులో అని. ఉపగ్రహాలు సముద్రం పైపొర వేడిని, నీటి రంగును చూస్తాయి. రంగును బట్టి నాచు ఎక్కడ పెరుగుతోందో తెలుస్తుంది, నాచు ఉన్నచోటికి చిన్న చేపలు, వాటి కోసం పెద్ద చేపలు వస్తాయి. నాయనమ్మ గంప దించి వింటే ఎన్ని ప్రశ్నలు అడిగేదో! దారికి జీపీఎస్ ఉంది. 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి నుంచి వచ్చే టైమును పోల్చుకుని బోటు ఎక్కడుందో చెప్పేస్తుంది. నాన్న రోజుల్లో లైట్‌హౌస్ వెలుగు కనిపించేదాకా ప్రాణం కుదుటపడేది కాదు.

చంద్రుడు భూమికి ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడట. అపోలో యాత్రల్లో చంద్రుడి మీదికి వెళ్లినవాళ్లు అక్కడ పెట్టొచ్చిన అద్దాల మీదికి లేజర్ వెలుగు పంపి కొలుస్తున్నారు. లెక్క వేసి చూశాను. నాయనమ్మ ఆఖరిసారి చూసిన చందమామకు, ఇవాళ నేను చూస్తున్న చందమామకు దాదాపు ఒక మనిషి నిలువెత్తు తేడా.

పోయిన కార్తీకంలో ఒక రాత్రి మేనల్లుడికి ఫోన్ చేశాను. మొగ బయట ఉన్నానన్నాడు. "జీపీఎస్ తెచ్చి సరిగ్గా మొగ ముందర నిలబెట్టింది అత్తా. కానీ పాటు మీదుంది. ఇసుక తగులుతోంది. పోటు ఎక్కేదాకా ఆగాలి."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని మా అపార్ట్‌మెంట్ మేడ మీదికి వెళ్లాను. హైదరాబాద్‌లో సముద్రపు అంచు ఉండదు కాబట్టి ఎదురుగా ఇళ్ల కప్పులు కలిసే చోటు నుంచి చేయి చాచి, నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి లెక్కపెట్టాను.

"ఇంకో గంటన్నర పడుతుందిరా" అన్నాను.

"ఫోన్లో కూడా అంతే చూపిస్తోంది అత్తా" అన్నాడు. "నువ్వు పడుకో. లోపలికి వచ్చాక మెసేజ్ పెడతాను."

నేను పడుకోలేదు. పన్నెండు దాటాక మెసేజ్ వచ్చింది.